మనిషి లేని రాత్రి మెషిన్‌కు ఏం తెలియాలి

ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల డ్రిల్లు విరిగిన సంగతి దాని వెనకాల వచ్చి రంధ్రంలో మరలు కోసే ఎం10 ట్యాపుకు తెలియదు. రాత్రిపూట కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్‌ను ఒంటరిగా వదిలి వెళ్లడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది.

మా షెడ్డులో జరిగిందే చెబుతాను. ఈఎన్8 స్టీలు ప్లేట్లు, 20 మిల్లీమీటర్ల మందం, ఒక్కోదానికి ఆరు ఎం10 ట్యాపు రంధ్రాలు. వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మెషిన్) టేబుల్ మీద, ప్లేట్లను బిగించే ఫిక్చర్‌లో పన్నెండు ప్లేట్లు పడతాయి. పగలు మూడు లోడ్లు వంక లేకుండా వచ్చాయి. రాత్రి తొమ్మిదింటికి నాలుగో లోడు బిగించి, సైకిల్ స్టార్ట్ నొక్కి, షట్టర్ దించి వెళ్లిపోయాం. నాలుగో ప్లేటులో డ్రిల్లు విరిగింది. మొన వైపు ముక్క రంధ్రంలో ఉండిపోయింది, మొండెం హోల్డర్‌లో మిగిలింది. ఆ మొండెం మిగతా ఎనిమిది ప్లేట్ల దగ్గరికీ వెళ్లింది. ప్రోగ్రామ్ చెప్పిన లోతుకు దిగింది, పొట్టిది కాబట్టి ప్లేటును తాకకుండానే పైకి లేచింది. టూలును తిప్పే స్పిండిల్ మీద లోడు చూస్తే అంతా ప్రశాంతం. తర్వాత ట్యాపు వచ్చింది. మూడు ప్లేట్లు చక్కగా ట్యాప్ చేసి, నాలుగో ప్లేటులో ఇరుక్కున్న డ్రిల్లు ముక్కను గుద్దింది. అప్పుడు గానీ అలారం రాలేదు. పొద్దున వెళ్లేసరికి ట్యాపు ముక్కలైంది, హోల్డర్ పనికిరాకుండా పోయింది. డయల్ పెట్టి స్పిండిల్ రనౌట్, అంటే అది వంకరగా తిరుగుతోందా అని, చూసుకునేదాకా నాకు గుండె గుండెలో లేదు.

పగలు అదే మెషిన్ పక్కన ఆపరేటర్ ఉంటే ఇది జరగదు. డ్రిల్లు విరగడానికి ముందు కీచుమంటుంది. అతను అవతల ఫోన్ మాట్లాడుతున్నా చెవి ఇటే ఉంటుంది. చప్పుడు మారగానే తల తిప్పుతాడు, చెయ్యి కోతను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీదికి పోతుంది. అడిగితే 'నేనేం చేయట్లేదు సార్, ఊరికే నిలబడ్డా' అంటాడు. ఆ ఊరికే నిలబడటంలో అతను చేసే పని మనం ఎక్కడా రాసి పెట్టుకోం. చప్పుడు వింటాడు. కూలెంట్ పడే తీరు చూస్తాడు. కోతలో రాలే లోహపు చిప్స్ రంగు చూస్తాడు. మాడు వాసన పసిగడతాడు. కాలి కింద నేల అదురు మారినా అతనికి తెలుస్తుంది. అతన్ని ఇంటికి పంపించామంటే ఈ పనులన్నీ ఇంకెవరికో అప్పగించాలి. దేన్ని అప్పగించకుండా వదిలేస్తామో, రాత్రి సరిగ్గా అక్కడే దెబ్బ తగులుతుంది.

మనిషి లేకుండా మెషిన్లు నడపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1960లలో లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో, సిగరెట్ యంత్రాలు తయారుచేసే మోలిన్స్ కంపెనీలో థియో విలియమ్సన్ అనే ఇంజినీరు 'సిస్టమ్ 24' అని ఒకటి రూపొందించాడు. రోజుకు 24 గంటలు నడవాలి, అందులో 16 గంటలు మనుషులు ఉండకూడదు. పగటి షిఫ్టు వాళ్లు రాత్రికి కోయాల్సిన ముక్కలు, అంటే జాబులన్నీ, మెషిన్‌లోకి మార్చి పెట్టే ప్యాలెట్ల మీద బిగించి వెళతారు. వ్యాపారంగా అది నిలదొక్కుకోలేదు గానీ ఈనాటి ప్యాలెట్ లైన్లన్నింటిలో ఆ ఆలోచనే ఉంది. జపాన్‌లో ఫుజి పర్వతం పక్కన ఒషినోలో ఉన్న ఫానుక్ ఫ్యాక్టరీ గురించి వినని వాళ్లు మన ఫీల్డులో ఉండరు. రోబోలే రోబోలను తయారుచేస్తూ నెల రోజుల దాకా మనిషి చెయ్యి పడకుండా నడుస్తుందని ఇరవై ఏళ్లకు పైగా పత్రికలు రాస్తున్నాయి. ఆ వీడియోలు చూసి మన బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో జాబును తిప్పుతూ కోసే ఒక టర్నింగ్ సెంటర్‌కు, లోహపు బార్లను అందించే బార్ ఫీడర్ తగిలించి, ఇక రాత్రి వదిలేయొచ్చు అనుకుంటాం. ఫానుక్‌లో నడుస్తున్నవి ఏళ్ల తరబడి అవే కొన్ని భాగాలు. ప్రతి టూలు ఆయుష్షూ, ప్రతి చిప్ తీరూ వాళ్లకు కంఠతా వచ్చు. మనది జాబ్ షాపు. సోమవారం అల్యూమినియం, మంగళవారం స్టెయిన్‌లెస్, బుధవారం ఇంకెవరిదో అర్జెంటు పని.

నేను ప్రతి జాబునూ నాలుగు ప్రశ్నలతో చూస్తాను. తప్పు జరిగితే మెషిన్‌కు తెలుస్తుందా? తెలిస్తే ఆగుతుందా? ఆగిన తర్వాత అదే స్థితిలో తెల్లారేదాకా క్షేమంగా ఉండగలదా? ఆగిన సంగతి ఎవరికైనా చెబుతుందా? చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. అసలు ప్రమాదాలన్నీ మూడో ప్రశ్నలో ఉన్నాయి. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు టూళ్ల సంగతి. విరిగిన టూలును లోడ్ మీటర్ పట్టుకుంటుందని నమ్మకండి. 11 కిలోవాట్ల స్పిండిల్‌కు మూడు మిల్లీమీటర్ల డ్రిల్లు దోమతో సమానం, ఉన్నా లేకున్నా మీటర్ ముల్లు కదలదు. పెద్ద కట్టర్లకు, రఫింగ్ ఇన్సర్టులకు (టూలులో బిగించే కోత అంచు ముక్కలకు) లోడ్ మానిటరింగ్ బాగా పనిచేస్తుంది. చిన్న డ్రిల్లులకూ ట్యాపులకూ మాత్రం తాకి చూడాల్సిందే. టేబుల్ మూల ఒక టూల్ సెట్టర్ ఉంటుంది. డ్రిల్లింగ్ అయిన వెంటనే, ట్యాపు రాకముందే, డ్రిల్లు దాని మీదికి దిగి తాకాలి. తాకగానే కదలికను ఆపే జి31 స్కిప్ ఫంక్షన్‌తో ఉండాల్సిన ఎత్తులో తాకితే సరే. తాకకపోతే మాక్రోలో 3000 నంబరు వేరియబుల్‌కు విలువ ఇచ్చి అలారంతో ఆపేయాలి. ఒక్కో టూలుకు కొన్ని సెకన్లు. ఆ ఈఎన్8 ప్లేట్ల రాత్రి నాకు ఆ కొన్ని సెకన్లు లేక పోయింది హోల్డర్, ట్యాపు, ఒక పూట పని. సెట్టర్ పొడవును మాత్రమే చూస్తుందని గుర్తుంచుకోవాలి. నాలుగు ఇన్సర్టుల ఫేస్ మిల్లులో ఒకదాని అంచు రాలితే దానికి తెలియదు, అక్కడ లోడ్ మానిటరింగే దిక్కు.

విరగకముందు అరగడం ఉంటుంది. ఒక ఇన్సర్టు 150 పీసులు చేస్తుందని పగటి అనుభవం అనుకుందాం. సాయంత్రానికి 90 అయిపోయాయి, రాత్రికి ఇంకో 200 చేయాలి. కంట్రోల్‌లో టూల్ లైఫ్ కౌంటు పెట్టి, టూళ్లుండే మ్యాగజైన్‌లో జంట టూలు ఉంచి, కౌంటు నిండగానే దానికి మారేలా చేయడం ఒక దారి. ఇంకో దారి చాలామందికి తట్టదు: రాత్రి స్పీడు తగ్గించడం. కట్టింగ్ స్పీడుకూ టూలు ఆయుష్షుకూ ఉన్న లెక్కను ఫ్రెడరిక్ టేలర్ వందేళ్ల కిందటే తేల్చాడు. కార్బైడ్‌కు ఆ లెక్క ప్రకారం స్పీడు 20 శాతం తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు కంటే ఎక్కువ అవుతుంది. పగలు మెషిన్ గంటకు ఇన్ని రూపాయలని లెక్కేసుకుని ప్రతి సెకనూ పిండుతాం. రాత్రి మనిషి జీతం లేదు, అడిగేవాళ్లు లేరు, పన్నెండు గంటలు చేతిలో ఉన్నాయి. మూడు నిమిషాల సైకిల్ మూడున్నర అయితే పోయేదేముంది? పగటి ప్రోగ్రామ్‌నే రాత్రికి వాడటం నా దృష్టిలో మొదటి తప్పు. రాత్రికి వేరే ప్రోగ్రామ్ ఉండాలి. నెమ్మదిగా, పొట్టి టూళ్లతో, తక్కువ లోతు కోతలతో నడవాలి.

సైజు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఏప్రిల్‌లో మధ్యాహ్నం షెడ్డులో 40 డిగ్రీలు, తెల్లవారుజామున 26. ఆ తేడాకు 300 మిల్లీమీటర్ల స్టీలు ముక్కే దాదాపు 50 మైక్రాన్లు కుదించుకుంటుంది. అందుకని జాబును తాకి కొలిచే ప్రోబ్ పెట్టి, ఆఫ్‌సెట్ (టూలు స్థానానికి ఇచ్చే దిద్దుబాటు) దానంతట అదే సరిచేసుకునేలా చేస్తారు. మంచిదే. కానీ కొలిచే చోట ఒక చిప్ అతుక్కుని ఉంటే ప్రోబ్ అబద్ధం చెబుతుంది, మెషిన్ ఆ అబద్ధాన్ని నమ్మి తర్వాతి పీసులన్నీ పాడుచేస్తుంది. ఒక్కసారికి ఇరవై మైక్రాన్లు దాటి దిద్దుబాటు అడిగితే సరిచేయకుండా ఆగిపోయేలా ప్రోగ్రామ్‌లో హద్దు పెట్టుకోవాలి.

మనిషి లేని మెషిన్‌ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపేది ఏదని అడిగితే, టూళ్లకంటే ముందు చిప్స్ పేరు చెబుతాను. 304 స్టెయిన్‌లెస్ తిప్పి చూడండి. చిప్ తెగదు. పొడుగ్గా తీగలా వచ్చి, టూలుకు చుట్టుకుని, జాబుకు చుట్టుకుని, చివరికి పిచ్చుక గూడంత ఉండ అవుతుంది. పగలైతే ఆపరేటర్ మెషిన్ ఆపి, కొక్కెంతో లాగేస్తాడు. రాత్రి ఆ ఉండ పెరుగుతూనే ఉంటుంది. మొదట కూలెంట్ నాజిల్‌ను పక్కకు నెడుతుంది. ఇన్సర్టు ఎండిపోతుంది, వేడెక్కుతుంది, రాలుతుంది. లేదా ఒక చిన్న చిప్, జాబును పట్టుకునే చక్ జాకూ జాబుకూ మధ్య చేరుతుంది. జాబు వంకరగా పట్టుకుంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఆ పట్టు వదిలిందంటే ఏమవుతుందో ఒక్కసారి చూసినవాళ్లు జీవితంలో మర్చిపోరు. విసిరిన ముక్క శక్తి స్పీడు వర్గంతో పెరుగుతుంది. 3000 బదులు 1500 దగ్గర వదిలితే దెబ్బ సగం కాదు, నాలుగో వంతు.

అందుకే రాత్రి జాబుకు చిప్ తెగడం అనేది ఉంటే మేలు అనే సంగతి కాదు, అది ఉంటేనే జాబు రాత్రికి అర్హం. సరైన చిప్ బ్రేకర్ ఉన్న ఇన్సర్టు, దానికి తగ్గ ఫీడు కావాలి. ఫీడు భయపడి తగ్గిస్తే చిప్ ఇంకా తెగదు. డ్రిల్లింగ్‌లో కొంచెం కొంచెంగా దిగి పైకి లేచే జి83 పెక్ సైకిల్. వీలైతే 70 బార్ల హై ప్రెజర్ కూలెంట్. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఏ జాబైనా వరుసగా మూడు పగళ్లు, మనిషి పక్కనే ఉండి, ఒక్కసారి కూడా డోర్ తెరిచి చిప్స్ లాగాల్సిన అవసరం రాకుండా నడవాలి. ఒక్కసారి కొక్కెం పట్టుకున్నా లెక్క మళ్లీ మొదటికి. స్టెయిన్‌లెస్ జాబులు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి, అవి పగలే చేస్తాం. బ్రాస్ రాత్రికి పుట్టిన మెటల్. పొడిలా రాలుతుంది.

ఇక బార్ ఫీడర్. లెక్క చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మూడు మీటర్ల బారు, పీసు 40 మిల్లీమీటర్లు, పీసును తెంచే పార్టింగ్‌కు 3, చివర పట్టుకోవడానికి 200 వదిలితే బారుకు 65 పీసులు. పీసుకు మూడు నిమిషాలైతే మూడుంపావు గంటలు. మ్యాగజైన్‌లో నాలుగు బార్లు పెడితే తెల్లారేదాకా సరిపోయింది. ఇందులో ప్రాణాలకు సంబంధించిన విషయం ఒకటుంది. స్పిండిల్ వెనక నుంచి ఆసరా లేకుండా బయటికి పొడుచుకు వచ్చిన బారు, స్పీడు పెరిగితే కొరడాలా వంగిపోతుంది. కనురెప్ప మూసి తెరిచేలోపు లంబకోణానికి వంగి, చుట్టుపక్కల ఉన్న దేన్నైనా కొడుతుంది. ఫీడర్ కొనే డబ్బు లేక, వెనకాల ఒక పైపు స్టాండు పెట్టి పొడుగు బారు తిప్పే షెడ్డులు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి, పగలు కూడా. సరైన ఫీడర్‌లో బారును చానల్ లోపల బిగువుగా పట్టుకుంటారు, లేదా నూనెలో తేలేలా ఉంచుతారు. ఆ మూత తెరిస్తే స్పిండిల్ ఆగేలా ఇంటర్‌లాక్ ఉంటుంది.

ఇప్పుడు ఆగాక తెల్లారేదాకా క్షేమంగా ఉండగలదా అన్న మూడో ప్రశ్నకు వస్తాను. మెషిన్ ఆగిన తర్వాత కూడా ఆగనిది నిప్పు.

నీళ్లలో కలిపే కూలెంట్ వాడేవాళ్లకు ఈ బెడద తక్కువ. స్లైడింగ్ హెడ్ మెషిన్లలో, గేర్ హాబింగ్‌లో, డీప్ హోల్ డ్రిల్లింగ్‌లో నీళ్లు కలపని నూనె, నీట్ కట్టింగ్ ఆయిల్, వాడతారు. దాని ఫ్లాష్ పాయింటు, అంటే ఆవిరి అంటుకునే వేడి, సాధారణంగా 150 డిగ్రీలకు పైనే. గుంటలో నిలిచి ఉన్న నూనెలో అగ్గిపుల్ల వేసినా అంత తేలిగ్గా అంటుకోదు. కానీ మూసి ఉన్న మెషిన్ లోపల తిరిగే చక్ ఆ నూనెను చిలికి మంచులా మారుస్తుంది. పొగమంచులాంటి ఆ నూనె తుంపరకు ఒక ఎర్రని చిప్ చాలు. టూలు విరిగి, మొద్దుబారిన ముక్క జాబు మీద రాసుకుంటూ ఉంటే, లేదా ఆయిల్ పంపు ఆగినా కోత ఆగకపోతే, ఆ ఎర్రని చిప్ పుడుతుంది. భగ్గుమనడం ఒక్క క్షణం. డోర్ సందుల్లోంచి మంట బయటికి కొడుతుంది. తుంపరను పీల్చే మిస్ట్ కలెక్టర్ ఫ్యాన్ నడుస్తూ ఉంటే ఆ మంటను పైపులోకి పీల్చుకుని పైకప్పు దాకా తీసుకుపోతుంది. చాలామంది ఆలోచించనిది ఈ చివరి మాటే.

నూనె మెషిన్ రాత్రి ఒంటరిగా నడవాలంటే లోపల ఆటోమేటిక్ ఫైర్ సప్రెషన్ ఉండి తీరాలి. ఇది లేకపోతే రాత్రి నడపకూడదని నేను గట్టిగా అంటాను. ఇందులో రాజీ లేదు. లోపల మంటను కనిపెట్టే సెన్సర్ లేదా వేడికి కరిగి పగిలే ట్యూబు ఉంటుంది. పట్టుకోగానే స్పిండిల్ ఆగాలి, ఆయిల్ పంపు ఆగాలి, మిస్ట్ ఫ్యాన్ ఆగి దాని డ్యాంపర్ మూసుకోవాలి, గ్యాస్ వదలాలి. ఫ్యాన్ ఆగకుండా కార్బన్ డయాక్సైడ్ వదిలితే, ఆ గ్యాసంతా ఫ్యాన్ పీల్చి బయట పోస్తుంది. సిలిండర్ కొని మెషిన్ పక్కన పెట్టి, ఈ లింకులేవీ కలపని చోట్లు నేను చూశాను. అది గోడకు తగిలించిన క్యాలెండర్‌తో సమానం.

మంట ఆరిన తర్వాత డోర్ వెంటనే తెరవకూడదు. లోపల టూలూ చిప్సూ ఇంకా కాలుతున్న వేడి మీదే ఉంటాయి, గాలి తగలగానే మళ్లీ అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, కిందికి దిగి పిట్టుల్లో, నేల గుంటల్లో నిలుస్తుంది. కిందికి వంగి చూసేవాడికి ఊపిరాడదు.

అన్నిటికీ ఒకే మందు లేదు. మెగ్నీషియం చిప్స్ అంటుకుంటే నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి ఇంకా మండుతుంది, కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మెగ్నీషియం మండుతూనే ఉంటుంది. టైటానియం, జిర్కోనియం సన్న చిప్స్‌దీ ఇదే కుటుంబం. హైదరాబాద్‌లో రక్షణ, అంతరిక్ష, అణు సంస్థలకు పనిచేసే షెడ్డులకు ఈ మెటల్స్ కొత్తేమీ కాదు. వాటికి పొడి ఇసుక, లేదా మెటల్ మంటల కోసమే తయారైన పొడి కావాలి. దాన్ని చల్లడానికి మనిషి కావాలి. కనుక అవి రాత్రి పనులు కావు. వాటి చిప్స్ కూడా రాత్రి మెషిన్ కింద ఉండకూడదు. సాయంత్రమే మూత ఉన్న డబ్బాలో బయట పెట్టాలి.

మన టూల్ రూముల్లో ఎప్పటినుంచో రాత్రి వదిలేసి వెళ్లే మెషిన్ ఒకటుంది: విద్యుత్ రవ్వలతో లోహాన్ని కోసే స్పార్క్ ఈడీఎం. డై పెట్టి, ఎలక్ట్రోడ్ దించి, పొద్దున వస్తారు. అందులో ఉండేది మండే నూనె, చేసేది నిప్పు రవ్వలు పుట్టించడం. రవ్వ నూనె లోపల పుట్టినంతకాలం భయం లేదు, అక్కడ గాలి లేదు. నూనె మట్టం జారి రవ్వ పైకి తేలిందా, అంతే. అందుకే కోత జరిగే చోటు మీద నాలుగైదు సెంటీమీటర్ల నూనె ఎప్పుడూ ఉండాలి. మట్టం తగ్గితే కరెంటు కట్ చేసే ఫ్లోట్ స్విచ్ ఉండాలి, నూనె వేడెక్కితే ఆపే థెర్మోస్టాట్ ఉండాలి. ఖర్చు తక్కువని కొన్నిచోట్ల ఈడీఎం ఆయిల్ బదులు కిరోసిన్ పోసేవారు. కిరోసిన్ ఫ్లాష్ పాయింటు 40 డిగ్రీల దరిదాపుల్లో మొదలవుతుంది. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో మనకు తెలుసు.

సన్నని వైరుతో కోసే వైర్‌కట్ దీనికి తమ్ముడైనా గుణం వేరు. అది డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లలో కోస్తుంది. రాత్రి వదలడానికి ఇంతకంటే నెమ్మదైన మెషిన్ లేదు. అక్కడ భయం ఒకటే. కోత పూర్తయిన ముక్క కింద పడి, కింది గైడ్‌ను గుద్దడమో, వైర్‌ను షార్ట్ చేయడమో. అందుకని రాత్రి ప్రోగ్రామ్‌లో ప్రతి ముక్కకూ రెండు మూడు మిల్లీమీటర్లు కోయకుండా వదులుతారు. ముక్క వేలాడుతూ ఉంటుంది. పొద్దున మనిషి వచ్చి, కింద చెయ్యో మ్యాగ్నెట్టో పెట్టుకుని ఆ చివరి కోత కోస్తాడు. ఈ చిన్న పద్ధతిలో రాత్రి పని మొత్తానికి ఒక పాఠం ఉందని నాకనిపిస్తుంది. ప్రమాదం ఎక్కడుందో ఆ రెండు మిల్లీమీటర్లను పగటికి వాయిదా వేశారు, మిగిలిన కోతంతా రాత్రికి ఇచ్చారు.

కరెంటు మాట ఎత్తకుండా మన దగ్గర ఈ వ్యాసం పూర్తి కాదు. కరెంటు పోతే జనరేటర్ ఉందిగా అంటారు. జనరేటర్ ఎత్తుకోవడానికి పట్టే పది పదిహేను సెకన్లలో మెషిన్ ఎప్పుడో పడిపోయి ఉంటుంది. ట్యాపు జాబులోనే ఉండిపోతుంది. జెడ్ యాక్సిస్ జారకుండా బ్రేకు పట్టాలి, హైడ్రాలిక్ చక్ పట్టు వదలకుండా నాన్ రిటర్న్ వాల్వు ఒత్తిడిని నిలపాలి. ఈ రెండూ పగలే పరీక్షించి చూసుకోవాలి: చక్‌లో జాబు పెట్టి, స్పిండిల్ ఆపి ఉండగా మెయిన్ ఆపేసి, అరగంట తర్వాత ప్రెజర్ గేజ్ చూడండి. ముల్లు పడిపోయి ఉంటే ఆ మెషిన్ రాత్రికి పనికిరాదు.

పోవడం కంటే తిరిగి రావడం ఎక్కువ ప్రమాదం. కరెంటు తిరిగొచ్చాక మెషిన్ దానంతట అది మొదలవ్వకూడదు. యంత్రాల విద్యుత్ భద్రత గురించిన ఐఈసీ 60204-1 ప్రమాణం ఈ మాటే చెబుతుంది. మెషిన్‌కు కరెంటు కలిపే మెయిన్ కాంటాక్టర్ ఒకసారి పడితే మనిషి బటన్ నొక్కేదాకా లేవదు. ప్రతిసారీ వచ్చి నొక్కే ఓపిక లేక ఆ కాంటాక్టర్‌కు ఎలక్ట్రీషియన్ చేత వైరు కలిపించే వాళ్లున్నారు. తెల్లవారుజామున కరెంటు వచ్చేసరికి లోపల చెయ్యి పెట్టి చూస్తున్నవాడు ఎవరైనా ఉంటే, వాడి ప్రాణం ఆ వైరు ముక్క మీద ఆధారపడి ఉంది. జనరేటర్ నుంచి ఫేజులు తారుమారై వస్తే పంపులు వెనక్కి తిరుగుతాయి, దానికి ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టాలి. అర్ధరాత్రి చుట్టుపక్కల షెడ్డులన్నీ మూతపడ్డాక మా లైనులో వోల్టేజ్ పైకి పోతుంది. స్టెబిలైజర్ పగలు బాగుందని రాత్రి నమ్మకండి, ఒకసారి రాత్రి పన్నెండింటికి మీటర్ పెట్టి చూడండి. యూపీఎస్ ఇవ్వాల్సింది స్పిండిల్‌కు కాదు, కెమెరాకు, రౌటర్‌కు, అలారం పంపే పెట్టెకు. కరెంటు పోయిన సంగతి ఫోనుకు రావాలంటే ఆ చిన్న పెట్టె బతికి ఉండాలి కదా.

ఫోనులోంచి మెషిన్‌ను చూడొచ్చు. ఆపేలా పెట్టుకోవచ్చు. ఫోనులోంచి స్టార్ట్ చేసే ఏర్పాటు మాత్రం వద్దు, ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినా సరే. డోర్ అవతల ఎవరున్నారో కెమెరా మొత్తం చూపించదు.

అసలు ఎవరున్నారన్న ప్రశ్నే ఈ విషయంలో నన్ను ఎక్కువగా వేధిస్తుంది. మనిషి లేని షిఫ్టు అంటాం. నిజంగా ఎవరూ ఉండరా? గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. చాలా షెడ్డుల్లో పైన మెజనైన్ మీద, బీహార్ నుంచో ఒడిశా నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కుర్రాళ్లు పడుకుంటారు. గది అద్దె మిగులుతుందని ఓనరే ఉండమంటాడు. కింద నూనె మెషిన్ ఒంటరిగా నడుస్తూ ఉంటుంది, పైన నలుగురు నిద్రలో ఉంటారు, దిగడానికి మెట్లు ఒక్కటే, అవీ మెషిన్ పక్కనుంచి. షట్టర్‌కు బయటనుంచి తాళం. మంట రాకపోయినా, సప్రెషన్ గ్యాస్ వదిలితే ఆ గాలి ఎటు పోతుందో ఎవరూ లెక్కేయలేదు. రాత్రి మెషిన్ నడిపే చోట మనుషులు పడుకోకూడదు. వాళ్లకు వేరే గది చూపించలేకపోతే మెషిన్ ఆపేయాలి. ఇంతకన్నా మెత్తగా దీన్ని చెప్పలేను.

వాచ్‌మన్‌కు మేం నేర్పింది మూడే మూడు పనులు. టవర్ ల్యాంపులో ఎరుపు వెలిగితే ఫోన్ చెయ్యి. పొగో వాసనో వస్తే షట్టర్ బయట ఉన్న ఎర్ర పుట్టగొడుగు స్విచ్ కొట్టి, ఫైర్ స్టేషన్ 101కు చెప్పి, తర్వాత మాకు చెప్పు. ఏం జరిగినా డోర్ తెరవకు. ఇది తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాసి అతని కుర్చీ ఎదురుగా అంటించాం. అతను చదవలేడని తర్వాత తెలిసింది. అప్పుడు బొమ్మలు వేయించాం. నెలకోసారి ఉత్తుత్తి అలారం పెట్టి చూస్తాం.

ఇంకొకరున్నారు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే నిద్రకళ్లతో బైకు వేసుకుని వచ్చే సెట్టర్, అంటే మెషిన్‌లో జాబులు, టూళ్లు సెట్ చేసే మనిషి. రాత్రి ఒంటరిగా నడిచే మెషిన్ ఎక్కువగా గాయపరిచేది ఇలా వచ్చినవాడినే. షెడ్డులో ఒక్కడే ఉంటాడు, త్వరగా తేల్చి పడుకోవాలని ఉంటుంది. ఇంటర్‌లాక్ స్విచ్‌లో దూర్చడానికి పగలు వాడే దొంగ కీ టేబుల్ సొరుగులో ఉంటుంది. డోర్ తెరిచి పెట్టి, స్పిండిల్ నెమ్మదిగా తిప్పుతూ చిప్స్ ఉండ లాగబోతాడు. గ్లవ్స్ చిక్కుకుంటే చెయ్యి వెళ్లిపోతుంది. తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ అప్పుడే చెప్పింది. ఆ కంచెను రాత్రి రెండింటికి దాటేది మన మనిషే. మేం ఆ దొంగ కీలన్నీ ఏరి గ్రైండర్ మీద పెట్టేశాం. రాత్రి అలారం వస్తే వచ్చి మెషిన్ బాగుచేయమని ఎవరినీ అడగం. వచ్చేది మంట ఉందా లేదా చూడటానికే. మెయిన్ ఆపేసి వెళ్లి పడుకోవాలి. ఆగిన మెషిన్ పొద్దుటిదాకా ఆగే ఉంటుంది. ఒక రాత్రి ఉత్పత్తి పోతుంది, పోనీ.

మొదలుపెట్టేవాళ్లు పన్నెండు గంటలతో మొదలుపెట్టొద్దు. భోజనానికి వెళ్లే అరగంట, తర్వాత సాయంత్రం ఒకే ఒక బారు, చివరి పీసు కాగానే, ప్రోగ్రామ్‌ను ముగించే ఎం30 తర్వాత మెషిన్ పవర్ దానంతట అదే ఆఫ్ అయ్యేలా. అలా నెల గడిచాక రెండో బారు. ఇవన్నీ ఏ మెషిన్‌కైనా సరిపోతాయి గానీ మీ మెషిన్ విండో గాజు ఎప్పటిదో కూడా చూసుకోండి. అది గాజు కాదు, పాలీకార్బొనేట్. కూలెంటూ నూనే తగిలీ తగిలీ కొన్నేళ్లకు బలం కోల్పోతుంది, చూడటానికి మాత్రం అలాగే ఉంటుంది. తయారైన తేదీ చాలావాటికి మూల మీద ఉంటుంది. మార్చాల్సిన గడువు మెషిన్ మాన్యువల్‌లో ఉంటుంది.

పొద్దున ఏడున్నరకు షట్టర్ ఎత్తగానే మా సెట్టర్ లైటు వెయ్యడు. ముందు గుమ్మంలో నిలబడి వాసన చూస్తాడు. తర్వాత కిటికీలోంచి లోపలికి టార్చి వేసి చక్, టూళ్లు, చిప్ ట్రే చూస్తాడు. అప్పుడు లైటు, అప్పుడు డోర్. డబ్బాలో ఉన్న పీసుల్లో చివరిది ముందు కొలుస్తాడు. అది సైజులో ఉంటే మధ్యలోది, తర్వాత మొదటిది. మూడు అంకెలూ మెషిన్ పక్కనున్న నోటు బుక్కులో రాసి, కూలెంట్ చుక్కను గాఢత చూపే రిఫ్రాక్టోమీటర్ మీద వేసి ఆ రీడింగూ రాస్తాడు. ఇవన్నీ అయ్యాకే టీ.